గిరిజన సలహా మండలి: కొండ ఊళ్ల నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనూ, 2022 ఏప్రిల్‌లో ఈ రెండింటి నుంచి విడివడిన పార్వతీపురం మన్యం జిల్లాలోనూ ఉన్న సవర, జాతాపు, గదబ, కొండదొర, కోందు కుటుంబాల కోసం ఈ పేజీ. వాళ్ల తరఫున అర్జీలు రాసిపెట్టే చదువుకున్న పిల్లలకూ, సర్పంచులకూ, వార్డు సభ్యులకూ కూడా పనికొస్తుంది. చట్టం మాటలు తప్పని చోట వాడాం. మిగతాదంతా ఊళ్లో మాట్లాడుకునే భాషలోనే ఉంది.

గిరిజన సలహా మండలి అంటే ఏమిటి? ఐటీడీఏ లాంటిదేనా?

కాదు. ఐటీడీఏ, అంటే సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ, పనులు చేసే సంస్థ. రోడ్డు, హాస్టలు, బోరు, విత్తనాలు దాని చేతుల మీదుగా వస్తాయి. సలహా మండలి రాజ్యాంగం పెట్టిన సభ. రాజ్యాంగం ఐదో షెడ్యూలు 4వ పేరా ప్రకారం, షెడ్యూల్డ్ ప్రాంతాలు (గిరిజనుల రక్షణ కోసం రాష్ట్రపతి ఉత్తర్వుతో ప్రకటించిన ప్రాంతాలు) ఉన్న ప్రతి రాష్ట్రంలోనూ ఇది ఉండి తీరాలి. రాష్ట్రంలోని షెడ్యూల్డ్ తెగల సంక్షేమం, అభివృద్ధి గురించి గవర్నరు అడిగిన విషయాల మీద సలహా చెప్పడం దాని పని. దానికి నిధులు ఉండవు, ఇంజినీర్లు ఉండరు. బోరు వేయించమని మండలిని అడిగి లాభం లేదు. "కొండ ఊళ్లకు బోర్లు మంజూరు చేసే పద్ధతి మార్చండి" అని మాత్రం అడగొచ్చు. ఈ తేడా తెలియకనే సగం అర్జీలు వృథా అవుతున్నాయి.

ఎంతమంది సభ్యులు? అందరూ ఎమ్మెల్యేలేనా?

20 మందికి మించకూడదు. అందులో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది శాసనసభలోని ఎస్టీ ప్రతినిధులై ఉండాలి. ఈ లెక్క దగ్గర కాస్త ఆగి చూడాలి. మండలిలో 20 మంది ఉంటే మూడు వంతులు అంటే 15. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో ఎస్టీ స్థానాలు 7 మాత్రమే: పాలకొండ, కురుపాం, సాలూరు, అరకు, పాడేరు, రంపచోడవరం, పోలవరం. ఆ ఏడుగురినీ కూర్చోబెట్టాక ఇంకా 8 కుర్చీలు మిగులుతాయి. వాటిని ఎవరితో నింపాలో రాజ్యాంగమే చెప్పింది. శాసనసభలో ఎస్టీ ప్రతినిధులు చాలనప్పుడు మిగిలిన స్థానాలను "ఆ తెగలకు చెందిన ఇతరులతో" నింపాలి.

అంటే ఎమ్మెల్యే కాని, మామూలు గిరిజన కుటుంబం నుంచి వచ్చిన 8 మందికి అక్కడ చోటుంది. రిటైరైన సవర టీచరుకో, పోడు భూముల కేసులు నడిపిన జాతాపు మహిళకో, గదబ కుర్ర లాయరుకో అది దొరకాలి. మిగతా 5 స్థానాల్లో అధికారులు, ఇతరులు ఉండొచ్చు. మండలిని వేసే జీవో వచ్చినప్పుడల్లా మొదట చూడాల్సింది ఈ 8 పేర్లే. ఏ తెగవాళ్లు, ఏ జిల్లావాళ్లు, ఆడవాళ్లు ఎందరు అని చూడండి. ఆడవాళ్లకు ఇన్ని స్థానాలు ఉండాలని ఐదో షెడ్యూలులో ఎక్కడా లేదు. అందుకే అడిగితేనే వస్తాయి, అడగకపోతే రావు.

మన వైపు నుంచి ఎవరుంటారు?

పై ఏడింటిలో పాలకొండ, కురుపాం, సాలూరు మనవే. మూడూ ఇప్పుడు మన్యం జిల్లాలో ఉన్నాయి. 2019 నుంచి గిరిజన సంక్షేమ మంత్రులుగా వరసగా పనిచేసిన పాముల పుష్పశ్రీవాణి, పీడిక రాజన్నదొర, గుమ్మిడి సంధ్యారాణి కురుపాం, సాలూరు వాళ్లే. కాబట్టి మన గొంతు అక్కడికి చేరే దారి ఉంది.

గడ్డు సమస్య వేరే చోట ఉంది. ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలో ఎస్టీ స్థానం ఒక్కటీ లేదు. ఇప్పటి విజయనగరం జిల్లాలోనూ లేదు. మందస కొండల్లో సవరకైనా, శృంగవరపుకోట కొండ మీది కుటుంబానికైనా మండలిలో తన సొంత ఎమ్మెల్యే ఉండరు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి శ్రీకాకుళంలో ఎస్టీలు సుమారు 6 శాతం, ఉమ్మడి విజయనగరంలో సుమారు 10 శాతం. జిల్లాలు విడిపోయాక ఇక్కడ మిగిలినవాళ్లు ఇంకా పలచబడ్డారు. ఆ 8 స్థానాల్లో కనీసం రెండు ఈ రెండు జిల్లాలకు ఇవ్వాలని అడగడం న్యాయం. ఇది మా అభిప్రాయం. ఈ మాటను ప్రతి అర్జీలోనూ రాయమని చెబుతాం.

మండలి చెప్పింది ప్రభుత్వం వినాల్సిందేనా?

సలహా సలహానే, ఆజ్ఞ కాదు. అయితే ఒక్క చోట మండలిని అడగకుండా అడుగు వేయడానికి వీల్లేదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో శాంతి, సుపరిపాలన కోసం గవర్నరు రెగ్యులేషన్ (ఆ ప్రాంతానికి చట్టంలా పనిచేసే నిబంధన) చేయాలంటే ముందు మండలిని సంప్రదించాలి, తర్వాత రాష్ట్రపతి ఆమోదం పొందాలి. భూమి చేతులు మారకుండా ఆపడం, భూమి పంపిణీ, వడ్డీ వ్యాపారం మీద అదుపు, ఈ మూడూ అలాంటి రెగ్యులేషన్ల కిందికి వస్తాయి.

మనందరం "వన్ ఆఫ్ సెవెంటీ" అని పిలిచేది అలాంటిదే. 1959 నాటి ఒకటో భూబదలాయింపు రెగ్యులేషన్‌ను 1970లో ఒకటో రెగ్యులేషన్‌తో సవరించారు. 1967లో లేవిడి ఊళ్లో గిరిజనుల మీద జరిగిన కాల్పుల తర్వాత శ్రీకాకుళం కొండల్లో రగిలిన పోరాటం నేపథ్యంలో వచ్చిన సవరణ అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనులకో, కేవలం గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికో తప్ప ఇంకెవరికీ బదలాయించకూడదు. గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచి వచ్చిందేనని మొదట అనుకుంటారు. కాదని నిరూపించుకునే భారం అతనిదే. దీన్ని సడలించాలన్నా మళ్లీ రెగ్యులేషనే తేవాలి, అంటే మళ్లీ మండలి ముందుకు రావాల్సిందే. పేరుకు సలహా సభే అయినా, భూమి విషయంలో అది కాపలా గుమ్మం.

జీవో 3 కొట్టేసినప్పుడు మండలి ఏమీ చేయలేకపోయింది కదా?

ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న జీవో ఎంఎస్ నంబరు 3, 2000 జనవరి 10న వచ్చింది. సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 ఏప్రిల్ 22న దాన్ని కొట్టేసింది. అప్పటికే చేరినవాళ్ల ఉద్యోగాలను షరతుల మీద కాపాడింది.

కారణం తెలుసుకోవాలి, ఎందుకంటే కొత్తగా అడిగేవాళ్లు మళ్లీ అదే గోతిలో పడుతున్నారు. ఐదో షెడ్యూలు 5(1) కింద గవర్నరు చేయగలిగేది పార్లమెంటు లేదా శాసనసభ చేసిన చట్టాన్ని ఒక ప్రాంతానికి వర్తించకుండా ఆపడం, లేదా మార్పులతో వర్తింపజేయడం. ఆ నోటిఫికేషన్ దారిలో సర్వీసు నిబంధనలను కొత్తగా రాయడం కుదరదని కోర్టు తేల్చింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ సమానత్వపు హక్కుకు విరుద్ధమని కూడా చెప్పింది. కాబట్టి "జీవో 3 మళ్లీ ఇవ్వండి" అని రాస్తే ఫైలు న్యాయశాఖ దగ్గరే ఆగిపోతుంది. సవర భాష వచ్చినవాళ్లే సవర పిల్లలకు మొదటి తరగతుల్లో చదువు చెప్పాలని భాషార్హత అడగడం, స్థానికతకు న్యాయంగా నిలిచే కోటా అడగడం, దాన్ని జీవోగా కాక చట్టంగా తెమ్మనడం, ఇవి ముందుకు నడిచే దారులు.

మా ఊరు అంతా గిరిజనులే. అయినా షెడ్యూల్డ్ ఏరియా కాదంటున్నారు. ఎందుకు?

మన దగ్గర ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. ఇప్పటి షెడ్యూల్డ్ ప్రాంతాల జాబితా మూలం 1950లో రాష్ట్రపతి ఇచ్చిన ఉత్తర్వు. అది బ్రిటిష్ కాలంలో మద్రాసు ప్రభుత్వం గీసుకున్న ఏజెన్సీ గీతల మీద ఆధారపడింది. 1936లో ఒడిశా విడిపోయినప్పుడు పర్లాకిమిడి అటు పోయి, చుట్టుపక్కల సవర ఊళ్లు కొన్ని ఇటు మిగిలాయి. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950 ఆగస్టులో. అప్పటికే జాబితా అచ్చయిపోయింది. ఆ తర్వాత విజయనగరం 1979లో, మన్యం 2022లో వచ్చాయి. జిల్లా గీతలు ఎన్నిసార్లు మారినా షెడ్యూల్డ్ గీత మారలేదు.

అందువల్ల మందస, మెళియాపుట్టి, పాతపట్నం, కొత్తూరు మండలాల్లోనూ, శృంగవరపుకోట వైపు కొండల మీదా చాలా ఊళ్లు గిరిజన ఉపప్రణాళిక (గిరిజనులకు విడిగా నిధులు కేటాయించే ప్రణాళిక) లెక్కలో ఉన్నాయి కానీ షెడ్యూల్డ్ జాబితాలో లేవు. నాన్ షెడ్యూల్డ్ అనేది వీటినే.

ఏం పోతుందంటే, వన్ ఆఫ్ సెవెంటీ వర్తించదు. 1996 నాటి పీసా చట్టం (పంచాయతీ చట్టాన్ని షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరించిన చట్టం) వర్తించదు. అంటే గ్రామసభకు భూసేకరణ మీద, చిన్న ఖనిజాల మీద, సంతల మీద పీసా ఇచ్చిన మాట ఉండదు. ఏం మిగులుతుందంటే, 2006 అటవీ హక్కుల చట్టం అంతటా వర్తిస్తుంది. అట్రాసిటీ చట్టం, ఎస్టీ రిజర్వేషన్లు, ఉపప్రణాళిక నిధులు ఎక్కడున్నా వర్తిస్తాయి. డీ పట్టా భూములకు, అంటే ప్రభుత్వం పేదలకు పంచిన భూములకు, 1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం ఉంది. దాన్ని తర్వాతి సవరణలతో కలిపి చదవాలి. నాన్ షెడ్యూల్డ్ ఊరివాళ్లు వన్ ఆఫ్ సెవెంటీ కింద కేసు వేస్తే మొదటి వాయిదాలోనే పోతుంది. అదే భూమి డీ పట్టా అయితే తహసీల్దారు దగ్గర నిలిచే కేసు అవుతుంది. ముందు ఊరి హోదా చూసుకోండి, ఆ తర్వాతే లాయరు దగ్గరికి వెళ్లండి.

సలహా మండలికి మాత్రం ఈ గీత అడ్డు కాదు. దాని పని రాష్ట్రంలోని షెడ్యూల్డ్ తెగలందరి గురించి, షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉన్నవాళ్ల గురించి మాత్రమే కాదు. "మీది నాన్ షెడ్యూల్డ్, మండలికి సంబంధం లేదు" అని ఏ గుమస్తా అన్నా 4వ పేరా చూపించండి.

షెడ్యూల్డ్ ప్రాంతంలో కలపాలంటే ఏం చేయాలి?

కలిపే అధికారం రాష్ట్రపతిది. ఐదో షెడ్యూలు 6వ పేరా ప్రకారం ఆ రాష్ట్ర గవర్నరును సంప్రదించి, ఉత్తర్వు ద్వారా ప్రాంతాన్ని పెంచవచ్చు. రాష్ట్ర ప్రభుత్వం నుంచి ప్రతిపాదన కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖకు వెళ్లాలి. మండలి తీర్మానం తోడైతే ఆ ప్రతిపాదనకు బలం వస్తుంది.

చూసే కొలతలు నాలుగు. గిరిజన జనాభా ప్రధానంగా ఉండాలి. ప్రాంతం ఒక్కచోట కలిసి, తగినంత పెద్దదిగా ఉండాలి. జిల్లా, బ్లాకు, తాలూకా లాంటి పాలనా యూనిట్‌గా నిలబడగలగాలి. చుట్టుపక్కల ప్రాంతాల కన్నా ఆర్థికంగా వెనకబడి ఉండాలి.

ఎక్కువ ప్రతిపాదనలు దెబ్బతినేది రెండో కొలత దగ్గర. ఇక్కడో గూడ, అక్కడో గూడ అని విడివిడిగా రాస్తే ఒక్కచోట కలిసిన ప్రాంతం అనిపించదు. పక్కపక్క పంచాయతీలు కలిసి, సరిహద్దులు ఆనుకుని ఉన్నట్టు ఒకే మ్యాపు గీసి పంపాలి. మధ్యలో గిరిజనేతరుల ఊరు ఒకటి వస్తే దాచకండి. జనాభా లెక్కల్లో అది ఎలాగూ బయటపడుతుంది. రెండో చిక్కు పేర్ల దగ్గర వస్తుంది. మనం గూడ పేరు రాస్తాం, సెన్సస్ రికార్డులో రెవెన్యూ గ్రామం పేరు ఉంటుంది. ఒక రెవెన్యూ గ్రామం కింద ఐదారు గూడలు ఉండొచ్చు. ప్రతి గూడ పక్కన రెవెన్యూ గ్రామం పేరు, సెన్సస్ కోడు, 2011 లెక్కలో ఎస్టీల సంఖ్య, మొత్తం సంఖ్య రాయాలి. ఈ పట్టిక లేకుండా వెళ్లిన అర్జీ ఎంత కన్నీళ్లతో రాసినా పక్కన పడుతుంది.

మా విషయం మండలి ఎజెండాలోకి ఎలా ఎక్కించాలి?

మొదట విషయం ఏ రకమో తేల్చుకోండి. ఒక ముసలమ్మ పింఛను ఆగితే అది సోమవారం గ్రీవెన్సుకు వెళ్లాలి. పన్నెండు పంచాయతీల్లో ఆధార్ వేలిముద్ర పడక పింఛన్లు ఆగుతుంటే అది మండలికి తగిన విషయం. ఒక గూడకు రోడ్డు లేక గర్భిణిని డోలీలో దించారంటే కలెక్టరు దగ్గరికి వెళ్లాలి. అటవీ అనుమతి పేరుతో కొండ రోడ్లన్నీ ఏళ్ల తరబడి ఆగుతుంటే అది మండలిదే.

తర్వాత గ్రామసభ తీర్మానం. తేదీ, ఎంతమంది వచ్చారు, అందులో ఆడవాళ్లు ఎందరు, సంతకాలు, వేలిముద్రలు ఉండాలి. వేలిముద్ర పక్కన పేరు తప్పనిసరి. అటవీ హక్కుల విషయమైతే కోరం కచ్చితంగా చూసుకోండి. గ్రామసభ సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో కనీసం మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి. జీడి కాలంలో, అంటే మార్చి నుంచి మే దాకా, పగటిపూట సభ పెడితే సగం మంది తోటల్లోనే ఉంటారు. పోడు విత్తే రోజుల్లోనూ అంతే. చీకటి పడ్డాక పెట్టుకుంటేనే కోరం నిండుతుంది.

మూడోది ఒక పేజీ నోటు. ఒకే పేజీ, ఒకే విషయం. ఇలా ఉంటే చాలు:

"విషయం: ……… మండలంలోని 9 గూడల అటవీ హక్కుల దరఖాస్తులు సబ్ డివిజన్ కమిటీ దగ్గర ఆగి ఉన్నాయి. వివరం: 143 దరఖాస్తులు, పంపిన తేదీ ………, నేటి వరకు జవాబు లేదు, తిరస్కరించినట్టు రాతపూర్వక నోటీసు కూడా లేదు. చట్టం: అటవీ హక్కుల చట్టం, 2006. కోరుతున్నది: నిర్ణీత గడువులో తేల్చాలనీ, తిరస్కరిస్తే కారణం రాసి ఇవ్వాలనీ, అన్ని ఐటీడీఏల పరిధిలో పెండింగు లెక్క ప్రతి మూడు నెలలకు మండలి ముందు పెట్టాలనీ మండలి సిఫారసు చేయాలి. జత: తీర్మానం, దరఖాస్తుల పట్టిక, రశీదుల నకళ్లు."

అందులో అంకెలు మీవి వేసుకోండి. "కోరుతున్నది" అన్న వాక్యంలో చివరి భాగం మాత్రం వదలకండి. మీ 9 గూడలతో ఆగకుండా రాష్ట్రం మొత్తానికి వర్తించేలా కోరినప్పుడే అది విధాన విషయమవుతుంది, మండలి చేతిలోకి వస్తుంది.

నాలుగోది పంపడం. ఒక ప్రతి మండలిలో ఉన్న ఎమ్మెల్యేకు నేరుగా చేతికివ్వండి, ముద్ర వేయించుకోండి. ఒకటి గిరిజన సంక్షేమ శాఖకు, ఒకటి గవర్నరు కార్యాలయానికి, ఒకటి మీ ఐటీడీఏ ప్రాజెక్టు అధికారికి రిజిస్టరు పోస్టులో అక్నాలెడ్జిమెంటుతో పంపండి. గవర్నరు కార్యాలయానికి పంపేది మర్యాద కోసం కాదు. మండలి చర్చించేది గవర్నరు నివేదించిన విషయాలను కాబట్టి, "ఈ విషయాన్ని 4వ పేరా కింద మండలికి నివేదించమని కోరుతున్నాం" అన్న వాక్యం ఆ ప్రతిలో తప్పక ఉండాలి.

ఎక్కడెక్కడ చెడుతుంది?

ఎక్కువసార్లు చెడేది ఒకే కాగితంలో పద్నాలుగు కోరికలు రాయడం వల్ల. రోడ్డు, అంగన్‌వాడీ, సెల్ టవరు, టీచరు, పోడు పట్టా, అన్నీ ఒకే అర్జీలో ఉంటే ఒక్కో శాఖా తనకు సంబంధించింది కాదని పక్కకు తోస్తుంది. ఒక్కో దానికి ఒక్కో కాగితం రాయండి.

మరోటి, ఎజెండా నోటు తయారుచేసేది శాఖే. మీ అర్జీ ఎంత వేడిగా ఉన్నా శాఖ నోటులో అది రెండు వాక్యాలకు చల్లారిపోవచ్చు. అందుకే మీ ఎమ్మెల్యే చేతిలోనూ అదే పేజీ ఉండాలి. సమావేశంలో శాఖ నోటు పక్కన ఆయన దాన్ని చదవగలగాలి.

ఎన్నికల తర్వాత ఎమ్మెల్యేలు మారతారు, మండలిని మళ్లీ వేయాలి. ఆ జీవో రావడం ఆలస్యమైతే ఆ నెలలన్నీ పోయినట్టే. సమావేశం ఎన్నిసార్లు జరగాలో రాజ్యాంగం చెప్పలేదు, నియమాలు చేసే పని గవర్నరుకు వదిలింది. కొత్త ప్రభుత్వం వచ్చిన మొదటి మూడు నెలల్లోనే "మండలిని వేశారా, మొదటి సమావేశం ఎప్పుడు" అని రాతపూర్వకంగా అడగండి.

అన్నిటికన్నా నొప్పి కలిగించేది ఇంకొకటి ఉంది. తీర్మానం అవుతుంది, పేపర్లో వస్తుంది, ఊళ్లో సంబరపడతారు. తర్వాతి సమావేశంలో చర్యల నివేదికలో దాని ఎదురుగా "పరిశీలనలో ఉంది" అని ఉంటుంది. ఆ తర్వాతి దాంట్లోనూ అదే మాట. దాన్ని పట్టుకోవాలంటే చేతిలో మినిట్స్, అంటే సమావేశంలో ఏం జరిగిందో రాసిన కాగితం, ఉండాలి.

మినిట్స్ ఎలా సంపాదించాలి?

సమాచార హక్కు దరఖాస్తు వేయండి. మన రాష్ట్రంలో రుసుము గ్రామ స్థాయి కార్యాలయంలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. గిరిజన సంక్షేమ శాఖకు కాబట్టి 10 రూపాయలు. మూడు విషయాలే అడగండి: ఫలానా తేదీ సమావేశం ఎజెండా నోటు, మినిట్స్, చర్యల నివేదిక. "ఎందుకు చేయలేదు" అని అడగొద్దు. సమాచార హక్కు కింద ఉన్న కాగితం ఇస్తారు, సంజాయిషీ ఇవ్వరు. 30 రోజుల్లో రాకపోతే తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు, అదీ తేలకపోతే 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు వేయాలి. ఈ తేదీలు ఇంట్లో క్యాలెండరు మీద రాసిపెట్టుకోండి. గడువు దాటితే మళ్లీ మొదటికొస్తారు.

జిల్లాలో కలెక్టరు ఒక గిరిజన సలహా కమిటీ వేయొచ్చా?

వేయొచ్చు. ప్రొసీడింగ్స్, అంటే కలెక్టరు ఉత్తర్వు, ఇస్తే చాలు. దానికి రాజ్యాంగ బలం ఉండదు, కలెక్టరు మారితే పోవచ్చు. అయినా ఇప్పటి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు ఇది నిజంగా అవసరం. సీతంపేట, పార్వతీపురం, రెండు ఐటీడీఏల ప్రధాన కార్యాలయాలూ మన్యం జిల్లాలోకి వెళ్లాయి. ఇక్కడ మిగిలిన కొండ ఊళ్లకు జిల్లా కేంద్రంలో తమ మాట వినే చోటు కావాలి.

వేస్తే ఎలా వేయాలో కూడా అడగండి. 15 మంది చాలు, అంతకు మించితే సభ ఉపన్యాసాలతో సరిపోతుంది. సగానికి పైగా అధికారులు కానివాళ్లు ఉండాలి. జిల్లాలో ఉన్న ప్రతి తెగ నుంచీ ఒకరైనా ఉండాలి. తక్కువ ఇళ్లున్న గదబలను లెక్కలోంచి జారనివ్వకూడదు. ఎజెండా కనీసం 7 రోజుల ముందు తెలుగులో చేతికి అందాలి. కలెక్టరేట్‌లో సాయంత్రం నాలుగింటికి సమావేశం పెడితే కొండ మనిషి ఆఖరి బస్సు అందుకోలేడు. పదకొండుకు మొదలై రెండున్నరకు ముగియాలి. రెండు సమావేశాల్లో ఒకటి కొండ కింద మండల కేంద్రంలో, వారపు సంత రోజున పెట్టాలి. చింతపండు కావిడో, జీడిపిక్కల బస్తానో అమ్ముకోవడానికి జనం ఎలాగూ దిగుతారు. అయితే మధ్యాహ్నానికల్లా సరుకు అమ్ముడై తిరుగుముఖం పడతారు కాబట్టి అది పొద్దున్నే జరగాలి. ప్రయాణం ఖర్చూ, పోయిన రోజు కూలీ లెక్కగట్టి అక్కడికక్కడే ఇవ్వాలి. బిల్లు పెట్టి మూడు నెలలకు ఇస్తామంటే రెండో సమావేశానికి కూలి మనిషి రాడు, పెన్షను వచ్చేవాళ్లే వస్తారు.

ఇప్పటికే ఉన్న జిల్లా కమిటీలు ఏవి?

అట్రాసిటీ చట్టం కింద జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ ఉంది. 1995 నియమాల్లో 17వది. కలెక్టరు అధ్యక్షుడు. మూడు నెలలకు ఒకసారైనా కూర్చోవాలి. ఎస్సీ, ఎస్టీల నుంచి అధికారులు కాని సభ్యులు 5 మంది దాకా ఉండొచ్చు. రాష్ట్ర స్థాయిలో ముఖ్యమంత్రి అధ్యక్షతన 25 మందికి మించని కమిటీ ఏడాదికి రెండుసార్లు, జనవరి, జూలైల్లో కూర్చోవాలి. కేసు పెట్టినా పరిహారం అందనప్పుడు, చార్జిషీటు ఆలస్యమైనప్పుడు వెళ్లాల్సింది ఇక్కడికే, సలహా మండలికి కాదు.

సమావేశాల్లో సవర భాషలో మాట్లాడొచ్చా?

మాట్లాడాలి. సవర భాష తెలుగు కుటుంబానికి చెందింది కాదు, ముండా భాషల్లో ఒకటి. తెలుగు వచ్చినవాళ్లు కూడా భూమి, అడవి, దేవత గురించి చెప్పేటప్పుడు సవరలోనే సూటిగా చెప్పగలరు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవర నేర్చుకుని, ఆ భాషలో పాఠాలు రాసి, బడులు పెట్టించి, నిఘంటువు తయారుచేశారు. అంత పని మన నేల మీద జరిగాక కూడా కమిటీ సమావేశంలో దుబాసీ లేకపోవడం బాధాకరం. ఆశా కార్యకర్తలో, భాషా వాలంటీర్లో ఊరికి ఒకరైనా రెండు భాషలూ వచ్చినవాళ్లు ఉంటారు. ఒకరిని దుబాసీగా పిలవమని సమావేశానికి వారం ముందే రాసి ఇవ్వండి. మినిట్స్‌లో "సభ్యుడు సవరలో చెప్పినది" అని నమోదు చేయించండి.

ఎస్టీ కమిషన్‌కు రాయడం మేలా, మండలికా?

రెండూ వేరు పనులు. జాతీయ ఎస్టీ కమిషన్ రాజ్యాంగం 338ఏ అధికరణం కింద ఉంది, 2004 నుంచి విడిగా పనిచేస్తోంది. ఫిర్యాదు విచారించేటప్పుడు దానికి సివిల్ కోర్టు అధికారాలుంటాయి. అధికారిని పిలిపించగలదు, ఫైలు తెప్పించగలదు. హక్కు తొక్కేస్తే కమిషన్, విధానం మారాలంటే మండలి. ఒకే విషయాన్ని రెండు చోట్లా రాయాల్సి వస్తే రెండు కాగితాల్లోనూ ఆ సంగతి చెప్పండి.

మండలి సభ్యత్వానికి దరఖాస్తు పెట్టుకోవచ్చా?

రాజ్యాంగంలో దరఖాస్తు పద్ధతి లేదు, నియామకమే. కానీ పేర్లు సూచించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఎన్నికలైన వెంటనే, జీవో రాకముందే, నాలుగైదు గ్రామసభలు కలిసి ఒకరి పేరు తీర్మానించి గిరిజన సంక్షేమ శాఖకూ, గవర్నరు కార్యాలయానికీ పంపండి. పేరుతో పాటు తెగ, ఊరు, చదువు, చేసిన పని, వచ్చిన భాషలు, కులధ్రువీకరణ పత్రం నకలు జతచేయండి. ఎమ్మెల్యేలు కాని ఆ 8 స్థానాల లెక్కను అదే కాగితంలో పైన రాసి, ఇప్పటి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎస్టీ నియోజకవర్గం లేదన్న సంగతి కిందనే రాయండి. జీవో వచ్చాక పంపితే ఇంకో ఐదేళ్లు ఆగాలి.